కోఠిలో కొన్నది, ఇంట్లో విన్నది

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో మధ్యాహ్నం ఏ దుకాణం ముందు నిలబడినా రెండు మూడు పాటలు ఒకేసారి చెవిన పడతాయి. ఎడమ కొట్లో డప్పు పాట, కుడి కొట్లో కొత్త సినిమా పాట, వెనక నుంచి బ్యాంక్ స్ట్రీట్ ఆటోల హారన్లు. వాటి మధ్య మనం స్పీకర్ వినాలి. "భయ్యా, ఆ బాక్సులు ఈ ఆంప్‌కు పెట్టి ఒక్కసారి వినిపిస్తవా?" అంటే కాదనరు. కుర్రాడు బాస్, ట్రెబుల్ రెండూ చివరికంటా తిప్పుతాడు, వాల్యూమ్ సగం దాటిస్తాడు. "సార్, గోడలు అదురుతయ్ చూడండి" అంటాడు. నిజంగానే అదురుతాయి. వెనకున్న అద్దాల బీరువా తలుపు గలగలమంటుంది. ఆ అయిదు నిమిషాల్లో నాకు తెలిసేది ఆ రెండు వస్తువులూ పనిచేస్తున్నాయన్న సంగతి మాత్రమే. మా ఇంట్లో, నా కుర్చీలో, రాత్రి తొమ్మిదింటికి సన్నటి వాల్యూమ్‌లో అవి ఎలా పలుకుతాయో ఆ గల్లీలో ఎవరూ వినిపించలేరు. అది దుకాణందారు తప్పు కాదు. ఎనిమిదడుగుల కొట్టు, నెత్తి దాకా పేర్చిన అట్టపెట్టెలు, బయట అంత రొద. అతను మాత్రం ఏం చేస్తాడు?

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే నారాయణగూడ, ఆ తర్వాత సుల్తాన్ బజార్. 2020 ఫిబ్రవరిలో ఆ లైను మొదలైనప్పటి నుంచి కోఠి మాకు మరీ దగ్గరైంది. అందుకని తరచూ వెళ్తుంటాను. తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా ఇదే: ఆంప్లిఫైయర్ ఒకచోట, స్పీకర్లు ఇంకోచోట కొంటున్నాం, రెండూ కలిపి వినే వీలు లేదు, జత కుదురుతుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు దాదాపు అందరి పరిస్థితీ ఇదే. ఆంప్ ఆన్‌లైన్లో వస్తుంది. స్పీకర్లు ఎవరో ఇల్లు మారుతూ అమ్మేస్తున్నవి. రికార్డ్ ప్లేయర్ అమెరికా నుంచి బావగారు పంపింది. డిజిటల్ పాటను ఆంప్‌కు అందించే డ్యాక్ చైనాది. నాలుగూ మొదటిసారి కలుసుకునేది మన గదిలోనే. అప్పటికి డబ్బు చేతులు మారిపోయి ఉంటుంది. ఈ ప్రశ్నకు ఇన్నేళ్లలో రకరకాల జవాబులు వచ్చాయి. వాటిలో ఏది ఎంతవరకు నిలుస్తుందో ఒకసారి వరసగా చూద్దామని ఈ ప్రయత్నం.

అన్నిటికన్నా పాత జవాబు, అన్నీ ఒకే కంపెనీవి కొనమనడం. మా నాన్నగారి తరం అలాగే కొన్నారు. కలకత్తా సోనోడైన్ అయితే మొత్తం సోనోడైన్, బొంబాయి కాస్మిక్ అయితే మొత్తం కాస్మిక్. ఇందులో మొహమాటం లేని న్యాయం ఒకటి ఉండేది. ఆ రోజుల్లో సాకెట్లే కలిసేవి కావు. యూరప్ పద్ధతి సెట్లకు అయిదు కాళ్ల డిన్ సాకెట్, జపాన్ పద్ధతి సెట్లకు జంట ఆర్‌సీఏ పిన్నులు. వైరు కోసి అతికించినా రెండు పద్ధతుల సిగ్నల్ మోతాదులు వేరు, ఒకటి మరీ సన్నగా, ఇంకొకటి మరీ పెద్దగా వచ్చేది. ఒకే కంపెనీ సెట్టులో ఆ బాధ ఉండదు. ఇప్పుడు ఆ కారణం చాలావరకు పోయింది. ఇవాళ కంపెనీ సెట్టు కొంటే రంగులు కలుస్తాయి, ఒకే రిమోట్ పనిచేస్తుంది. శబ్దం మాట వచ్చేసరికి, మంచి ఆంప్ చేసే కంపెనీ మంచి స్పీకర్ చేస్తుందన్న హామీ ఏమీ లేదు. ఈ జవాబును ఇక్కడ వదిలేస్తున్నాను.

రెండో జవాబు అంకెలది. కోఠిలో దీనికి చెడ్డపేరు తెచ్చిన మాట పీఎంపీఓ. ఇంతింత ప్లాస్టిక్ డబ్బా మీద 5000 వాట్లు అని అచ్చువేసి అమ్మారు. ఆ అంకె ఎలా వచ్చిందో అడిగేవాళ్లు లేకపోయారు. నిజం తెలుసుకోవడానికి ఒక సులువైన దారి ఉంది, డబ్బా వెనక్కి తిప్పి చూడటం. కరెంటు ఎంత లాగుతుందో ఆ పలక మీద రాసి ఉంటుంది. గోడలోంచి 60 వాట్లు తీసుకునే డబ్బా గదిలోకి 60 వాట్లకు మించి ధారగా ఇవ్వలేదు. పలక లేని అసెంబుల్డ్ సెట్ అయితే మూత తీయించి ట్రాన్స్‌ఫార్మర్ చూడాలి. 12-0-12, 3 ఆంపియర్లు అని ఉంటే, ఆ చివర నుంచి ఈ చివరకు 24 వోల్టులు, మూడుతో గుణిస్తే 72. ఎన్ని ఎల్‌ఈడీ లైట్లు వెలిగినా దాని శక్తి అంతే.

పీఎంపీఓ మోసం చేసింది కదా అని అంకెలన్నిటినీ అనుమానించడం మాత్రం పొరపాటు. నిజాయితీగా కొలిచిన అంకెలు మూడు చేతిలో ఉంటే ఆంప్, స్పీకర్ జతలో ముఖ్యమైన సగం కాగితం మీదే తేలిపోతుంది. అవి స్పీకర్ సెన్సిటివిటీ, స్పీకర్ ఇంపిడెన్స్, ఆంప్ ధారగా ఇచ్చే ఆర్‌ఎంఎస్ వాట్లు.

నేను వేసే లెక్క చెబుతాను. స్పీకర్ సెన్సిటివిటీ 87 డెసిబెల్ అని ఉందనుకుందాం. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో అంత శబ్దం అని అర్థం. నా కుర్చీ రెండున్నర మీటర్ల దూరంలో ఉంది, ఆ దూరానికి 8 డెసిబెళ్లు పోతాయి. స్పీకర్లు రెండు కాబట్టి 3 కలుస్తాయి. గోడలు తిప్పికొట్టే శబ్దం వల్ల మరో 3 అనుకుందాం. మొత్తం 85. ఇంట్లో కూర్చుని వినడానికి ఇదే పెద్ద శబ్దం, అదీ ఒక్క వాట్‌తోనే. కానీ పాట సమంగా ఉండదు. తనియావర్తనంలో మృదంగం మీద దెబ్బ పడ్డప్పుడు సగటు కన్నా 15 డెసిబెళ్లు పైకి లేస్తుంది. ప్రతి 3 డెసిబెళ్లకూ వాట్లు రెట్టింపు కావాలి, అంటే అయిదుసార్లు రెట్టింపు, 32 వాట్లు. కాబట్టి 87 డెసిబెళ్ల స్పీకర్‌కు 40 వాట్ల నిజమైన ఆంప్ హాయిగా సరిపోతుంది. అదే స్పీకర్ 84 అయితే 64 వాట్లు కావాలి. 93 అయితే 8 చాలు. స్పీకర్ మూడు డెసిబెళ్లు ఎక్కువ పలికేది ఎంచుకుంటే సగం వాట్ల ఆంప్ చాలని చాలామందికి ఎవరూ చెప్పలేదు. వాట్లు చాలని ఆంప్‌ను ఎక్కువ తిప్పితే శబ్దపు శిఖరాలు తెగి, ఆ తెగిన అంచులు పై స్వరాలు పలికే ట్వీటర్‌కు వెళ్లి దాన్ని కాల్చేస్తాయి. చిన్న ఆంప్ స్పీకర్‌కు హాని చేయదనే ధీమాతో పోయిన ట్వీటర్లు నేనే చాలా చూశాను.

ఇంపిడెన్స్‌ను కొలిచే ఓమ్‌ల సంగతి కోఠి మెకానిక్కులకు మనకన్నా బాగా తెలుసు, ఎందుకంటే వాళ్లు బోర్డుకు ట్రాన్స్‌ఫార్మర్ కూడా తామే జతచేస్తారు. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్‌ను 1.414తో గుణిస్తే అటూ ఇటూ 34 వోల్టుల డీసీ. లోడ్ మీద అది 30కి దిగుతుంది, ట్రాన్సిస్టర్లు కొంత మింగుతాయి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు చేరేది 45 వాట్ల దరిదాపు. అదే బోర్డుకు 4 ఓమ్‌లు తగిలిస్తే రెట్టింపు కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కూ హీట్‌సింక్‌కూ అంత సత్తువ లేకపోతే మొదట వేడి, తర్వాత వాసన. ఇళ్లల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. నాలుగు మూలలా నాలుగు బాక్సులు పెట్టాలన్న ముచ్చటతో ఒక్కో ఛానల్‌కు రెండేసి 8 ఓమ్‌ల బాక్సులు పక్కపక్కన కలుపుతారు. అవి 4 ఓమ్‌లవుతాయి. బాక్సుల మీద 8 అనే రాసి ఉంటుంది కాబట్టి తప్పు ఎక్కడుందో ఎవరికీ కనబడదు.

ఇంకో జత పొరపాటు మైకుల ఆంప్‌లతో. కోఠిలో సభలకు, గుళ్లకు అమ్మే అహూజా తరహా ఆంప్‌లలో 100 వోల్టుల లైను టెర్మినల్ ఉంటుంది. దూరంగా చెట్లకు కట్టే హారన్ల కోసం పెట్టింది అది. హారన్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండి దాన్ని దించుకుంటుంది. ఇంటి స్పీకర్‌ను నేరుగా ఆ టెర్మినల్‌కు తగిలిస్తే వాయిస్ కాయిల్ బతకదు.

ఈ మధ్య అందరూ కొంటున్న అరచేతంత క్లాస్-డి ఆంప్‌ల మాట కూడా చెప్పాలి. వాటిలో చాలావాటి గుండెకాయ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీపీఏ 3116 చిప్. 50 వాట్లు రెండు ఛానళ్లన్న అంకె 21 వోల్టులు, 4 ఓమ్‌ల దగ్గరిది. ఇంట్లో పడి ఉన్న 19 వోల్టుల లాప్‌టాప్ చార్జర్ పెట్టి 8 ఓమ్‌ల స్పీకర్ కలిపితే వచ్చేది 20 వాట్ల లోపే. చిన్న గదికి అది చాలు కూడా. కాకపోతే ఈ చవక బోర్డుల చివర ఉండే కాయిల్, కెపాసిటర్ ఫిల్టర్ ఒక ఓమ్‌ల విలువను మనసులో పెట్టుకుని కట్టినది. దానికన్నా ఎక్కువ ఓమ్‌ల స్పీకర్ పెడితే పై స్వరాలు కొంచెం లేస్తాయి, తక్కువ ఓమ్‌లది పెడితే కుంగుతాయి. ఒకే ఆంప్‌ను ఒకరు కీచుగా ఉందని, ఇంకొకరు మందంగా ఉందని అంటే ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదన్నమాట.

అమెరికా సామాను దగ్గర కాస్త ఆగాలి. మన తెలుగువాళ్ల ఇళ్లకు ఇది చాలా దగ్గరి విషయం, పుస్తకాల్లో దీని ప్రస్తావన నాకు కనిపించలేదు. గల్ఫ్ నుంచి వచ్చిన టేప్‌రికార్డర్లు చాలావరకు ఇక్కడ గోడకు తగిలిస్తే పాడేవి, అక్కడ చాలాచోట్ల కరెంటు మన కరెంటుకు దగ్గరిదే కాబట్టి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 సైకిళ్లు. మనది 230, 50. వోల్టుల తేడాకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఆంప్ వెనక రాసిన వాట్లకు ఒకటిన్నర రెట్లది తీసుకుంటే నిశ్చింత. సైకిళ్ల తేడాను మాత్రం ఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరూ మార్చదు. ఏసీ సింక్రొనస్ మోటారు ఉన్న పాత రికార్డ్ ప్లేయర్ ఆ సైకిళ్లను లెక్కపెట్టుకునే తిరుగుతుంది. అక్కడ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగేది ఇక్కడ 27.8 చుట్లే తిరుగుతుంది. పాట నిదానిస్తుంది, శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోతుంది. షడ్జమం కాస్తా కింది చతుశ్రుతి ధైవతం దగ్గర పలుకుతుంది. మా బంధువుల ఇంట్లో ఒక పెద్దాయన ఆ ప్లేయర్ మీద ఎమ్మెస్ రికార్డు పెట్టి, "ఈమె గొంతు ఇట్లా ఉండదురా" అని రెండు నిమిషాల్లో ముల్లు ఎత్తేశారు. ఆంప్‌లు, స్పీకర్లు మార్చి చూద్దామన్న ఇంట్లో పిల్లల కన్నా ఆయన చెవి ముందు పట్టుకుంది. డీసీ మోటారు ప్లేయర్లకు ఈ ఇబ్బంది లేదు. కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న మోటారు గురించే.

అమెరికా రిసీవర్‌లో రేడియో ఇంకో తమాషా చేస్తుంది. అక్కడి డిజిటల్ ట్యూనర్ 0.2 మెగాహెర్ట్జ్ అంగలేస్తుంది, బేసి దశాంశాల మీదే ఆగుతుంది. హైదరాబాద్ రెయిన్‌బో 101.9 దొరుకుతుంది, 98.3 దొరుకుతుంది. వివిధ భారతి 102.8 మీద మాత్రం ఆగదు. అటు 102.7, ఇటు 102.9. పైగా అక్కడి ఎఫ్‌ఎమ్‌లో పై స్వరాలను సరిచేసే కొలత 75 మైక్రోసెకన్లు, మన దగ్గర 50. అందువల్ల మన స్టేషన్లు ఆ రిసీవర్‌లో పై స్వరాల దగ్గర మూడున్నర డెసిబెళ్ల దాకా తగ్గి, మూత పెట్టినట్టు వినిపిస్తాయి. కొన్ని రిసీవర్లకు వెనకాల స్విచ్ ఉంటుంది, వెతుక్కోవాలి.

మూడో జవాబు రసికులది. దీన్ని సినర్జీ అంటారు. కీచు స్పీకర్‌కు మెత్తని ఆంప్, మందమైన స్పీకర్‌కు చురుకైన ఆంప్ కలిపితే రెండూ సర్దుకుంటాయని సిద్ధాంతం. దుకాణాల్లో, మిత్రుల మధ్య ఎక్కువ మాటలు నడిచేది దీని మీదే. దీన్ని కొట్టిపారేయను, ఇందులో ఒక నిజం ఉంది, దాన్ని కొలవవచ్చు కూడా. వాల్వ్ ఆంప్‌కు తనదైన అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 2 ఓమ్‌ల దాకా ఉండవచ్చు. స్పీకర్ మీద 8 అని రాసి ఉన్నా అది ఒక స్వరం దగ్గర 4, ఇంకో స్వరం దగ్గర 30 ఓమ్‌లు చూపిస్తుంది. అప్పుడు ఆ రెండు చోట్లకూ వెళ్లే శబ్దంలో 3 డెసిబెళ్ల తేడా వస్తుంది. ఆ తేడా చెవికి స్పష్టంగా తెలుస్తుంది. వాల్వ్ తీపి అని మనం పిలిచేదాంట్లో పెద్ద భాగం ఇదే. స్పీకర్ మారితే ఆ తీపి కూడా మారుతుంది. 1985లో అమెరికాలో బాబ్ కార్వర్ అనే ఇంజినీరు స్టీరియోఫైల్ పత్రిక వాళ్ల సవాలు తీసుకుని, తన మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్‌ను ఎంతో ఖరీదైన ఒక వాల్వ్ ఆంప్‌లాగా పలికేట్టు సర్దాడు. ఆ పత్రిక వాళ్లే రెండింటికీ తేడా చెప్పలేకపోయారు. 1987లో స్టీరియో రివ్యూ పత్రిక చవక రిసీవర్ నుంచి వేల డాలర్ల ఆంప్ దాకా వరసగా పెట్టి, ఏది మోగుతోందో చూపించకుండా, శబ్దం మోతాదు సమం చేసి వినిపించింది. వినేవాళ్ల జవాబులు బొమ్మా బొరుసూ వేసినదానికన్నా మెరుగ్గా రాలేదు.

మోతాదు సమం చేయడం అన్నమాట మీద నా అనుభవం ఒకటి. ఒక డెసిబెల్ ఎక్కువ మోగేది మనకు "పెద్దగా ఉంది" అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది. గల్లీలో రెండు ఆంప్‌లు మార్చి మార్చి వినిపించినప్పుడు మనం ఎంచుకునేది చాలాసార్లు కొంచెం ఎక్కువ తిప్పి ఉన్నదాన్నే. కాబట్టి ట్రాన్సిస్టర్ ఆంప్, వాట్లు చాలినంత, ఓమ్‌లు తట్టుకునేది అయితే సినర్జీ గురించి రాత్రిళ్లు నిద్ర మానుకోనక్కర్లేదని నా నిర్ణయం. వాల్వ్ ఆంప్ కొనేవాళ్లు మాత్రం స్పీకర్ ఇంపిడెన్స్ గీత చూడకుండా డబ్బు ఇవ్వకూడదు.

సోర్స్ వైపు జతల్లో చిక్కులు తక్కువే. సీడీ ప్లేయర్, డ్యాక్ 2 వోల్టులు ఇస్తాయి. పాత ఆంప్‌ల ఆక్స్ 150 మిల్లీవోల్టులకే నిండిపోతుంది. ఆ ఇరవై పైచిలుకు డెసిబెళ్ల తేడా వల్ల నాబ్ కదిలించీ కదిలించకముందే ఇల్లు దద్దరిల్లుతుంది. ఆ చివర పాత నాబ్‌లో ఎడమ కుడి సమంగా కూడా ఉండవు. ఫోన్‌లోనో డ్యాక్‌లోనో వాల్యూమ్ తగ్గించుకుంటే సరి. రికార్డ్ ప్లేయర్ కార్ట్రిడ్జ్‌కు మరో లెక్క ఉంది. ఆర్మ్ బరువు, కార్ట్రిడ్జ్ బరువు కలిపి గ్రాముల్లో తీసుకుని, ముల్లు మెత్తదనాన్ని సూచించే కంప్లయన్స్ అంకెతో గుణించి, దాని వర్గమూలంతో 159ని భాగిస్తే 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య రావాలి. మొత్తం 17 గ్రాములు, కంప్లయన్స్ 15 అయితే 10 వస్తుంది, బ్రహ్మాండమైన జత. 8 కన్నా దిగితే వంకర రికార్డుల మీద ఆర్మ్ ఊగిసలాడుతుంది. ఇది వినకుండానే నూటికి నూరుపాళ్లు తేల్చుకోగల విషయం. వైర్ల మీద ఒక్క మాట: ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అయిదు మీటర్లు పోను, రాను కలిపి 0.07 ఓమ్‌లే. దానికి మించి ఖర్చుపెట్టాలని నేను ఎవరికీ చెప్పను.

అశోక్ నగర్ కోచింగ్ పిల్లల మాట కూడా రాయాలి, వాళ్లు నన్ను అడుగుతుంటారు. ముగ్గురు పంచుకునే గదిలో స్పీకర్ల ప్రశ్న లేదు, హెడ్‌ఫోన్లే. అక్కడ జత చాలా సులువు. డాంగిల్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతుకు మించకుండా చూసుకోవాలి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వంటి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు వోల్టులు ఎక్కువ ఇచ్చేది కావాలి. గది చెవిలోనే ఉంటుంది కాబట్టి ఇంకే బాధా లేదు.

ఆ చివరి మాటే ఈ ప్రశ్న మొత్తానికి కీలకమని నాకు ఆలస్యంగా అర్థమైంది.

కొన్నేళ్ల కిందట నేను నిలువెత్తు త్రీ-వే స్పీకర్లు కొన్నాను. కొనకముందు మూడు నెలలు వాటికి ఏ ఆంప్ జత అన్నదాని మీదే నలిగాను. లెక్కలన్నీ సరిపోయాయి. ఇంటికి తెచ్చి పెట్టి, ముందుగా ఘంటసాల భగవద్గీత వేశాను. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన గొంతు అది, అక్షరం అక్షరం తెలుసు. కొన్ని మాటలు శుభ్రంగా వచ్చాయి. గొంతు కిందికి దిగినచోట్ల మాత్రం కుండలో మూతి పెట్టి పలికినట్టు మోగింది. ఆంప్ జత కుదరలేదనుకున్నాను. మిత్రుడి దగ్గర ఇంకో ఆంప్ తెచ్చాను, అదే మోత. మూడోది తెచ్చాను, అదే మోత, అవే మాటల దగ్గర. నేను పెట్టుకున్న అనుమానమంతా తప్పుచోట పెట్టుకున్నానని అప్పుడు తెలిసింది.

ఆ గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు. మా పేటల్లో అద్దె పోర్షన్లలో దాదాపు అన్ని గదులూ అలాంటివే. కింద నున్నటి టైల్స్, నాలుగు పక్కలా సిమెంటు పూత, పైన స్లాబు. ఎదురెదురు గోడల మధ్య సగం అల సరిగ్గా పట్టే స్వరం దగ్గర ఆ గది తనంతట తాను మోగుతుంది. పన్నెండు అడుగులకు అది 47 హెర్ట్జ్, పది అడుగులకు 56. వెడల్పూ ఎత్తూ రెండూ పదే కాబట్టి 56 దగ్గర రెండు మోతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. వాటి రెట్టింపులు 94, 112. మగ గొంతు కింది స్వరాలు వచ్చేది సరిగ్గా ఆ 100 చుట్టుపక్కలే. కుండలో మోగిన మాటలు అవి. వాటిని మోగించింది ఆంప్ కాదు, లక్షల ఇళ్లలో ఉండే గదుల్లాంటి నా గది.

స్పీకర్ల గురించి ప్రపంచంలో జరిగిన గట్టి పరిశోధన కూడా చివరికి ఇక్కడికే చేరుతుంది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆయన తర్వాత రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో, వూఫర్ కొలతలను బట్టి పెట్టె ఎంత ఉండాలో కాగితం మీదే తేల్చే పద్ధతి కట్టారు. కోఠిలో వూఫర్ విడిగా కొని వడ్రంగి చేత పెట్టె చేయించే వాళ్లకు ఈనాటికీ అదే దిక్కు. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ 1980లలో తెర వెనక స్పీకర్లు పెట్టి జనానికి వినిపించాడు. ముందు వైపు సమంగా, పక్కలకు ఒడుదుడుకులు లేకుండా పలికే స్పీకర్లనే మెజారిటీ ఇష్టపడింది. 1994లో ఆయన, షాన్ ఆలివ్ కలిసి అవే స్పీకర్లను కనబడేట్టూ, కనబడకుండానూ వినిపిస్తే, కనబడినప్పుడు పెద్దవాటికి, ఖరీదైనవాటికి మార్కులు పెరిగాయి. 2004లో ఆలివ్ 70 స్పీకర్ల కొలతలు తీసుకుని, జనం ఏది మెచ్చుతారో ఆ కొలతల నుంచి ముందే చెప్పే సూత్రం రాశాడు. జనం తీర్పుతో దానికి కుదిరిన పొంతన 0.86. అంటే మన ప్రశ్నకు ఇంత స్పష్టమైన జవాబు ఉంది: స్పీకర్ మంచిదో కాదో వినకముందే చాలావరకు తెలుసుకోవచ్చు, పక్కలకు ఎలా పలుకుతుందో కొలిచి ఇచ్చే గ్రాఫులు ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఆ గ్రాఫులు చెప్పలేనిది ఒకటే, 300 హెర్ట్జ్‌కు దిగువన మన గది ఏం చేస్తుందన్నది.

అక్కడ టేపు పట్టుకోవాల్సిందే. నేను చేసింది చెబుతాను. కుర్చీ వెనక గోడకు ఆనించి ఉండేది. గది పొడవు వెంట వచ్చే మోతలన్నీ ఆ గోడ దగ్గరే ఉచ్చస్థితిలో ఉంటాయి. దాన్ని అడుగడుగుగా ముందుకు జరుపుతూ అవే శ్లోకాలు వేశాను. గది నడిమధ్యకు వస్తే 47 మాయమై తంబుర అడుగు పోయింది. వెనక గోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర గొంతు కుదుటపడింది. స్పీకర్లను మూలల నుంచి రెండడుగులు బయటికి తెచ్చాను. వాటి వెనకున్న పోర్టుల్లో పాత తువ్వాళ్లు చుట్టి దూర్చాను. పక్క గోడకు పుస్తకాల బీరువా, నేల మీద జంపఖానా. ఇవి కింది మోతను పెద్దగా ఏమీ చేయవు గానీ చప్పట్లు కొడితే వచ్చే గణగణను తగ్గించాయి. ఒక స్పీకర్ వైర్లు తారుమారయ్యాయేమోనని పెన్సిల్ సెల్ ఒకటి వైరు చివర్లకు తాకించి చూశాను. ఎరుపుకు ప్లస్ తాకిస్తే రెండు వూఫర్ల కోన్‌లూ వెలుపలికి ఉబ్బాలి. ఒకటి లోపలికి పోతే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బాస్ మాయమవుతుంది. ఇవన్నీ కలిపి అయిన ఖర్చు సెల్ డబ్బులు.

అయినా ఆ గదికి ఆ స్పీకర్లు పెద్దవే. మరుసటి ఏడు వాటిని ఇచ్చేసి అయిదంగుళాల వూఫర్ ఉన్న చిన్న జత తెచ్చుకున్నాను. ఆంప్ పాతదే. పెద్ద హాలుకు పెద్ద స్పీకర్, చిన్న గదికి చిన్నది అన్న ఈ జత మూడు నెలల నా లెక్కల్లో ఎక్కడా లేదు. హోమ్ థియేటర్ సబ్ వూఫర్ విషయంలోనూ ఇంతే. దాన్ని కుర్చీ ఉండే చోట పెట్టి, బాస్ ఉన్న పాట వేసి, మనం గోడల వెంట వంగి తిరుగుతూ ఎక్కడ శుభ్రంగా వినిపిస్తుందో అక్కడ దాన్ని పెట్టాలి.

మొన్న అశోక్ నగర్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. గ్రూప్స్ రాసి ఉద్యోగం వచ్చింది, మొదటి జీతంతో సెట్టు కొంటున్నాడు. స్పీకర్లు రెండు జతలు, ఆంప్‌లు మూడు రాసి పెట్టుకున్నాడు. "అన్నా, వీటిలో దేనికి ఏది పడ్తదే?" అన్నాడు.

"అది పది నిమిషాల పని తమ్ముడూ. ముందు నీ గది కొలత చెప్పు."

టేపు లేదన్నాడు. కింద రెండడుగుల టైల్స్ ఉన్నాయి, లెక్కపెడతానన్నాడు. ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు, మంచం జరిపిన చప్పుడు, ఖాళీ గదిలో అడుగుల చప్పుడు గోడకు తగిలి తిరిగి రావడం నాకు ఇక్కడికి వినిపించింది.

"ఇటు ఆరు అన్నా. అటు అయిదు."